కర్నూలు మ్యాచ్‌కి పలక తీసుకుపోదామా, వద్దా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండి అని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, "హాస్టల్ జీవితం – మధుర స్మృతులు" లాంటిదేదో ఇస్తామనుకున్నారేమో. ఆ శీర్షికతో ఇప్పటికే ముగ్గురు ఇచ్చేశారని విన్నాం. మాకైతే ఇప్పుడు స్మృతుల మీద ధ్యాస లేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చిన వారం లోపలే, అంటే వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు, మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కర్నూల్లో ఆడబోతోంది. మెస్‌లో, కొళాయిల దగ్గర, చివరికి లైట్లు ఆర్పినాక వరండాలో కూడా నడుస్తున్న మాట అదొక్కటే. కాబట్టి దాని గురించే రాస్తున్నాం.

మేమంటే ఎవరో ముందే చెప్పుకోవాలి. రెండో అంతస్తులో చివరి రెండు గదుల వాళ్లం. మాలో ఒక్కరు కూడా జట్టులో లేరు. ఒకడు మొదటి సంవత్సరంలో ఎంపికకు పోయి పది నిమిషాల్లోనే కాలు బెణికించుకుని వచ్చాడు. ఇప్పటికీ ఎవడైనా ఏ పనైనా మొదట్లోనే వదిలేస్తే వాడి పేరే సామెతగా వాడుకుంటాం. మాకు ఆడడం రాదు. చూడడం వచ్చు, అరవడం ఇంకా బాగా వచ్చు.

దూరాన ఉద్యోగాల్లో ఉన్న అన్నల కోసం సంగతి కాస్త వివరంగా చెప్తాం. ఈ రెండు కాలేజీల మధ్య ఏటా ఒక మ్యాచ్ జరుగుతుంది. ఒక ఏడు ఇక్కడ అనంతపురంలో, మరుసటి ఏడు అక్కడ. గెలిచినవాళ్లు కప్పు తీసుకుపోతారు, సమానమైతే ఎవరి దగ్గరుంటే వాళ్ల దగ్గరే ఉంటుంది. కప్పంటే పెద్దదేమీ కాదు, మన మెస్‌లో నీళ్ల చెంబు అంత ఉంటుంది, ఒక చెవి కూడా ఊడింది. అయినా రెండేళ్లుగా అది వాళ్ల బీరువాలో ఉంది. రెండేళ్ల కింద కర్నూల్లో మనం 0–3తో ఓడిపోయాం. పోయిన ఏడు మన మైదానంలో 1–1. చివరి పది నిమిషాలు వాళ్ల గోల్ ముందే బంతి తిరిగింది కానీ లోపలికి పోలేదు. కప్పు అలాగే వాళ్లతో బస్సెక్కి వెళ్లిపోయింది. ఈసారి సమానమైనా లాభం లేదు, గెలవాల్సిందే. అదీ పరాయి ఊళ్లో.

ఇందులో హాస్టల్‌కి ఏమిటి సంబంధం అని ఎవరైనా అడగొచ్చు. పదకొండు మందిలో ఏడుగురు మన హాస్టల్ వాళ్లే. అంతకంటే సంబంధం ఏం కావాలి?

మన హాస్టల్లో మనుషుల పేర్లకంటే ఊళ్ల పేర్లే ఎక్కువ పలుకుతాయి కదా, మేమూ అలాగే పిలుస్తాం. గోల్ దగ్గర ఉరవకొండ అన్న. ఫైనలియర్. ఇదే ఆయనకు ఆఖరి మ్యాచ్. గరుసు నేల మీద పడి పడి ఆయన మోచేతుల మీద చర్మం రంగే మారిపోయింది. పొద్దున బక్కెట పట్టుకుని స్నానానికి పోతుంటే ఆ మచ్చలు చూసి కొత్తగా చేరిన తమ్ముళ్లు దారి ఇస్తారు. వెనకాల నిలబడే ఇద్దరు బ్యాకులు శింగనమల, తాడిపత్రి. వీళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు, మెస్‌లో కూడా వేరే బల్లల దగ్గర కూర్చుంటారు, ఎందుకో మాకు తెలీదు. మైదానంలో మాత్రం ఒకడు ముందుకు పోతే రెండోవాడు చెప్పకుండానే ఆ చోటుకు వస్తాడు. మధ్యలో పామిడి తమ్ముడు. చిన్నప్పుడు మన జిల్లాలో ఆర్.డి.టి. వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడినవాడు. బంతి కాలికి తగలకముందే తలెత్తి చూసే అలవాటు అక్కడ వచ్చిందంటాడు. మన వాళ్లలో ఆ అలవాటున్నది వాడొక్కడికే. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చినప్పుడు ఇక్కడి పల్లెల పిల్లలు ఫుట్‌బాల్ ఆడతారని ఎవరూ అనుకుని ఉండరు. ఇప్పుడు క్రికెట్ బ్యాట్ కొనలేని ఊళ్లో కూడా ఒక బంతి కనిపిస్తోంది.

ఎడమ పక్కన కంబదూరు. పరిగెడితే వెనకాల దుమ్ము తప్ప ఏమీ కనపడదు. మన గోల్స్ సగం వాడి వల్లే వస్తాయి. మా బెంగ కూడా వాడి గురించే.

ఎందుకంటే కర్నూలు మైదానం వెడల్పు తక్కువ. నియమాల ప్రకారం ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 45 మీటర్ల నుంచి 90 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. కాబట్టి వాళ్లది తప్పని అనలేం. రెండేళ్ల కింద మ్యాచ్ మొదలయ్యే ముందు మేం అడుగులేసి కొలిచాం. మన మైదానం కంటే పది మీటర్లు తక్కువే వచ్చింది. మన కంబదూరు బతికేది పక్క గీత దగ్గర ఖాళీ మీద. ఆ ఖాళీ అక్కడ ఉండదు. బంతి అందుకునేసరికి ఇద్దరు మీద పడతారు. పి.డి. సారు వాణ్ణి మామూలు చోటే ఆడిస్తారని వినికిడి. మా అభిప్రాయం అది కాదు. వాణ్ణి కాస్త లోపలికి తెచ్చి, పామిడి పక్కన ఆడించి, ఇద్దరు బ్యాకుల మధ్య సందులోంచి పరిగెత్తనివ్వాలి. పి.డి. సారు ఈ వ్యాసం చదివితే మమ్మల్ని పొద్దున ఐదు గంటల పరుగుకు పిలుస్తారని తెలుసు. అయినా రాస్తున్నాం.

రెండో సంగతి నేల. మనది ఎర్రనేల, బంతి పడగానే గరుసులో వేగం చచ్చిపోతుంది. వాళ్లది నల్లరేగడి. తడిగా ఉంటే కాలు పట్టేస్తుంది, ఎండితే రాయి. ఈ నెలలో రాయే. బంతి మోకాలి ఎత్తుకు వస్తుందనుకుంటే ఛాతీ ఎత్తుకు లేస్తుంది. పోయినసారి మన బ్యాకులు మొదటి అరగంట బంతి కింద దూరిపోతూనే ఉన్నారు, మొదటి గోల్ అలాగే పడింది. పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు అక్కడ పనికిరావు, జారుతాయి. చిన్న రబ్బరు స్టడ్స్ కావాలి. మన ఏడుగురిలో నలుగురికి అలాంటివి లేవు. ఇద్దరికి ఇంకో హాస్టల్ నుంచి అప్పు దొరికాయి. మిగిలిన రెండు జతల సంగతి పూర్వ విద్యార్థి అన్నలకు చెప్పాలా వద్దా అని మొహమాటపడ్డాం. ఇప్పుడు చెప్పేశాం. సైజులు 7, 8.

మూడోది వాళ్ల త్రో. వాళ్ల రైట్ బ్యాక్ చేతులతో విసిరితే బంతి నేరుగా గోల్ ముందు పడుతుంది. ఇరుకు మైదానంలో అది త్రో కాదు, కార్నర్ కిక్కే. పైగా త్రో నుంచి నేరుగా బంతి అందుకున్నవాడికి ఆఫ్‌సైడ్ లేదు, అందువల్ల వాళ్ల పొడుగాటి స్టాపర్ ముందే వచ్చి గోల్‌కీపర్ ముక్కు మీద నిలబడతాడు. మందు ఒకటే. కంగారొచ్చినప్పుడల్లా బంతిని గీత బయటికి తన్నే అలవాటు మన వాళ్లు మానుకోవాలి. "సేఫ్, సేఫ్" అని మేం గట్టు మీద నుంచి అరిచి అరిచి ఆ అలవాటు చేశాం. తప్పు మాదే. ఆదివారం మేం ఆ మాట అరవం.

టాస్ గెలిస్తే మాత్రం తూర్పు వైపు గోల్ తీసుకోవాలి. మైదానం తూర్పు పడమరలుగా ఉంది. 4 గంటలకు ఎండ ఎత్తులో ఉంటుంది, కళ్లలో సూటిగా పడదు. 5 దాటితే పడమర చూసే గోల్‌కీపర్‌కు బంతి బదులు సూర్యుడే కనిపిస్తాడు. రెండో సగంలో ఆ బాధ వాళ్లకుండాలి, మనకు కాదు.

ఇవన్నీ సరిగ్గా జరిగితే మా లెక్క 2–1, మనదే గెలుపు. జరగకపోతే లెక్కలు చెప్పడం మాకు ఇష్టం లేదు.

ఇక అసలు విషయానికొస్తాం. రెండేళ్ల కింద ఓడింది నేల వల్లా, త్రో వల్లా మాత్రమే కాదు. ఆ రోజు ఇక్కణ్ణించి చూడ్డానికి పోయింది తొమ్మిది మందిమి. అక్కడ గట్టు చుట్టూ ఐదారు వందల మంది ఉన్నారు. రెండో గోల్ పడగానే మన గోల్ వెనకాల ఉన్న గుంపు మొదలుపెట్టింది. "హాస్టల్ అన్నం తిన్నారు, ఇంకేం ఆడతారు" అని మొదట. తర్వాత "సంక్షేమం, సంక్షేమం" అని తాళం. తర్వాత ఇంకో మాట. ఆ మాట ఇక్కడ రాయం. చదివేవాళ్లలో దాన్ని విననివాళ్లు ఎంతమంది ఉంటారు? ఉరవకొండ అన్న అప్పుడు ఫస్టియర్. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత గోల్ వదిలి గుంపు మీదికి పోయాడు, నోటికొచ్చింది తిట్టాడు. రెఫరీ రెడ్ కార్డు చూపించాడు. మన దగ్గర ఇంకో గోల్‌కీపర్ లేడు. బ్యాక్ ఆడే అన్న గ్లౌజులు తొడుక్కుని నిలబడ్డాడు. మూడో గోల్ పడింది.

ఆ తొమ్మిది మందిమి ఏం చేశామంటే ఏమీ చేయలేదు. మూలన కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మమ్మల్ని ఎక్కువ కాల్చింది తిట్టు కాదు, ఆ కూర్చోవడమే. ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ గుంపులో నవ్వినవాళ్లలో అక్కడి హాస్టల్ పిల్లలు కూడా ఉన్నారు. తిరుగు బస్సు కోసం స్టాండులో నిలబడినప్పుడు వాళ్లలో ఇద్దరు వచ్చి మాతో టీ తాగారు. "ఏం చేయాలన్నా, పక్కన అందరూ అంటుంటే" అన్నారు. ఆ టీ మేం తాగాం. కోపం రాలేదు. వస్తే బాగుండేదేమో.

అరుపులు ఆటను మారుస్తాయా అని మన పి.డి. సారుతో వాదం పెట్టుకున్నాం. మారుస్తాయని తేలింది. 2002లో ఇంగ్లండ్ పరిశోధకులు 40 మంది రెఫరీలకు ఒకే మ్యాచ్ వీడియో చూపించి, సగం మందికి జనం అరుపులు వినిపించి, మిగతా వాళ్లకు శబ్దం లేకుండా పెట్టారు. అరుపులు విన్నవాళ్లు సొంత ఊరి జట్టు మీద ఇచ్చిన ఫౌల్స్ దాదాపు 15 శాతం తక్కువ. 2020లో కరోనా తర్వాత జర్మనీ లీగ్ ఖాళీ స్టేడియాల్లో మొదలైనప్పుడు సొంతగడ్డ మీద గెలుపులు బాగా తగ్గిపోయాయి. జనం లేకపోతే సొంత ఊరికి బలం లేదన్నమాట. అయితే మనకు ఐదారు వందల మందిని తీసుకుపోయే స్తోమత లేదు కదా, పది ఇరవై మంది పోతే ఏమవుతుంది అని సారు అడిగారు. దానికి జవాబు మన తెలుగు నేల నుంచి పోయిన ఒక మాస్టారి కథలో ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి, మొదట బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ కప్పు జరిగేది బొంబాయిలో. అంటే ఐదేళ్లూ పరాయి ఊళ్లోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు, ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వాళ్ల ఊళ్లోనే 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో వాడే. ఆయన 2023 ఫిబ్రవరిలో చనిపోయారు. మన పత్రికల్లో ఆయన గురించి వచ్చింది కొంచెమే. రహీం మీద 2024లో "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చింది, మన వాళ్లు చాలామంది ఫోన్లలో చూశారు.

మేం చెప్పదలచింది 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ గురించి. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వనందుకు మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధి అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి భారతదేశం అంటేనే మంట పుట్టింది. ఫైనల్ ముందురోజు మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. నిండు స్టేడియం మన వాళ్లను చూసి ఈసడించుకుంటోంది. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచి వచ్చాడు. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. బ్యాక్ ఆడే ఆయన్ని రహీం ఫార్వర్డ్‌గా ఆడించారు. రహీంకే అప్పటికి క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆ రోజు పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2–1తో గెలిచారు. అంత పెద్ద స్టేడియంలో మన వాళ్ల కోసం అరిచింది గుప్పెడు మంది. వాళ్లెవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్లు. ఆనాటి ఆటగాళ్లు ముసలితనంలో కూడా ఆ అరుపుల్ని గుర్తు చేసుకున్నారు. లక్ష గొంతులు గుర్తుండకపోయినా ఆ పది ఇరవై గొంతులు గుర్తున్నాయి.

ఇది చదివి వినిపించాక పి.డి. సారు, "సరే, పోండి, కానీ గొడవ పడొద్దు" అన్నారు. వార్డెన్ సారు కూడా రాత్రి 10 గంటల లోపల హాస్టల్‌కు చేరాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. వాళ్లతో చిక్కు తీరింది. చిక్కు మనలో మనకే వచ్చింది, పలక దగ్గర.

పోయిన ఏడు మన మైదానంలో మ్యాచ్‌కి కళ్యాణదుర్గం తమ్ముడు ఊరి నుంచి వాళ్ల నాయన పలక తెచ్చాడు. గట్టు కింద గడ్డి మంట వేసి కాచి, రెండు పుల్లలు అందుకుని వాడు మొదలుపెడితే వాళ్ల జట్టు త్రో వేసే మొనగాడికి చెయ్యి వణికింది, మేం కళ్లారా చూశాం. ఈసారి కర్నూలుకూ తీసుకుపోదామని మేం అన్నాం. అదే రాత్రి మెస్‌లో రెండు పక్షాలయ్యాయి. "అక్కడ మనల్ని ఆ మాటే అన్నారు. ఇప్పుడు మనమే పలక భుజాన వేసుకుని పోతే వాళ్ల మాటకు ముద్ర వేసినట్టు కాదా?" అని సగం మంది అన్నారు. డ్రమ్ము అద్దెకు తెద్దామని ఒకరు, డబ్బాలు కొడదామని ఒకరు చెప్పారు. డబ్బాలంటే ఎవరికీ అభ్యంతరం లేదు, పలకంటేనే ఉంది. ఆ తేడా ఎందుకో ఆ రాత్రి ఎవరూ పైకి అనలేదు.

ఈ సంగతి తెలిసి, బ్యాంకులో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థి అన్న ఒకాయన ఫోన్ చేశారు. ఆయన మన మెస్ గిన్నెలు కొనిచ్చిన మనిషి, మేమంతా గౌరవించే మనిషి. ఆయన అన్నది ఇది: "మా నాయన చావులకు, జాతరలకు పలక కొట్టేవాడు. పిలిస్తే అర్ధరాత్రయినా పోవాల్సిందే. ఊరు ముందర నడుస్తుంటే ఆయన వెనకాల దూరంగా నడిచేవాడు. ఆ చప్పుడు నుంచి బయటపడాలనే నేను చదువుకున్నా. మీరు చదువుకుంటూ దాన్ని మళ్లీ మోసుకుని వేరే ఊరు పోతామంటున్నారు." ఆయన అనుమతితోనే ఈ మాటలు అచ్చువేస్తున్నాం.

అన్నా, మీ మాట కాదనడానికి మాకు నోరు రావడం లేదు. మాలో ముగ్గురి ఇళ్లల్లో కూడా అదే కథ. అయినా కాదంటున్నాం, కారణం చెప్తాం. మీ నాయనకు పలక బరువు కాదు, పిలుపు బరువు. ఎవరో పిలిస్తే పోవాలి, ఎవరి కోసమో కొట్టాలి, ఎంతిస్తే అంత పుచ్చుకోవాలి. ఆదివారం మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మా బస్ ఛార్జీలు మేం పెట్టుకుని, మా తమ్ముళ్ల కోసం, మాకు నచ్చినంతసేపు కొడతాం. ఆపమంటే ఆపేది రెఫరీ ఒక్కడు చెప్పినప్పుడే. రెండేళ్ల కింద మా దగ్గర పలక లేదు, డబ్బా లేదు, అసలు నోరే లేదు. అయినా ఆ మాట అన్నారు. దాచిపెడితే అనరన్న గ్యారంటీ మాకైతే కనిపించలేదు.

ఇది చెప్పినంత మాత్రాన మీ బాధ తీరిపోతుందని మేం అనుకోవడం లేదు. మా గదిలోనే ఒకడు మీ పక్షం. వాడు కర్నూలు వస్తాడు, కానీ పలక ఉన్న వైపు నిలబడడట, ఎదుటి గట్టు మీద ఒంటరిగా నిలబడి అరుస్తాడట. సరేనన్నాం. వాడి కోసం అటువైపు ఇద్దర్ని పంపుతున్నాం.

చివరికి ఉరవకొండ అన్ననే అడిగాం. గోల్ దగ్గర నిలబడేది ఆయన, గుంపు వెనకాల ఉండేది ఆయనకే. బట్టలు పిండుకుంటూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "గోల్ వెనకాల నిలబడి కొట్టండి. పక్కనుంచి కాదు" అన్నాడు. మాకు అంతకంటే అనుమతి అక్కర్లేదు. మేం గుంపుకంటే ముందే పోయి ఆ చోటు పట్టుకోవాలి. మొదటి సగం తూర్పు గోల్ దగ్గర, రెండో సగం పడమర. టాస్ ఓడితే తారుమారు.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం, వచ్చేవాళ్లు ఒప్పుకోవాలి. ఎవరు ఏమన్నా తిరిగి తిట్టకూడదు. పోయినసారి ఒక తిట్టు ఖరీదు ఒక ఆటగాడు, ఒక గోల్. మాట వినపడితే పలక వేగం పెంచడం, అంతే. ఈలలు వేయకూడదు. రెఫరీ ఈల అనుకుని ఆటగాళ్లు ఆగిపోతే ఆయన ఆట ఆపి డ్రాప్ బాల్ ఇస్తాడు, మన కంబదూరు గోల్ ముందు ఒంటరిగా ఉన్నప్పుడే అలా జరిగితే మన పాపం మనమే మోయాలి. వాళ్ల ఆటగాడు మంచి ఆట ఆడితే చప్పట్లు కొట్టాలి. పోయిన ఏడు వాళ్ల కెప్టెన్ మన మెస్‌లో కూర్చుని రెండుసార్లు సాంబారు పోయించుకున్నాడు, బాగుందన్నాడు. మన సాంబారును బాగుందన్న మొదటి మనిషి ఆయన. ఆయన్ని ఎవరూ ఏమీ అనకూడదు.

బాలికల హాస్టల్ చెల్లెళ్లు కూడా వస్తామని కబురు పంపారు. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు ఉంటే చాలు. ఖర్చు మాకే, వాళ్లకు కాదు. వాళ్ల వార్డెన్ మేడం ఇంకా ఊఁ అనలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి పోయిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు కూడా ఆడడానికి పోయింది. క్రొయేషియాకు ఒక అమ్మాయి పోయినప్పుడు కర్నూలుకు పది మంది పోవడానికి అభ్యంతరమేమిటో మేడం గారు ఆలోచించాలని మనవి.

కర్నూలుకు దాదాపు 150 కిలోమీటర్లు. పామిడి, గుత్తి, ప్యాపిలి, డోన్, వెల్దుర్తి మీదుగా మూడున్నర గంటలు పట్టొచ్చు. జట్టు శనివారమే కాలేజీ వ్యానులో పోతుంది. మనం ఆదివారం ఉదయం 7 గంటలకు బస్టాండులో కలుద్దాం. డోన్‌లో ఉగ్గాని బజ్జీ తినేవాళ్లు తినొచ్చు, మళ్లీ రాత్రిదాకా ఏమీ దొరక్కపోవచ్చు. ఇప్పటికి 23 పేర్లు వచ్చాయి. ఇంకా రాయించుకునేవాళ్లు శుక్రవారం రాత్రి లోపల మా గదికి రండి, మనిషికి 350 రూపాయలు. లేనివాళ్లు ఊరికే రండి, చూసుకుందాం. కర్నూలు, డోన్ వైపు ఉద్యోగాల్లో ఉన్న అన్నలు నేరుగా మైదానానికే రావచ్చు, గోల్ వెనకాల ఉంటాం.

కళ్యాణదుర్గం తమ్ముడు పలక కోసం శనివారం ఊరికి పోయి వస్తున్నాడు. పాత గోనెసంచిలో చుట్టి తెమ్మన్నాం. బస్సులో దాన్ని కింద పెట్టకూడదని వాళ్ల నాయన గట్టిగా చెప్పాడట, కాబట్టి వంతులవారీగా ఒళ్లో పెట్టుకోవాలి. అక్కడ కాచడానికి గడ్డి దొరుకుతుందో లేదో తెలీదు. పాత పేపర్లు, అగ్గిపెట్టె ఎవరైనా మరవకుండా తెండి.